పరిశోధనకు పెద్దదిక్కు

అహోబిలమునకు పోవు సోదరీమణులు ఆళ్లగడ్డలో బస్సు మారునప్పుడు రోడ్డు ప్రక్కనున్న శిల్పుల పందిళ్లను చూచియే యుందురు. సగము చెక్కిన వినాయకులు, ఇంకను ముఖములు రాని ద్వారపాలకులు, వారి నడుమ తలనుండి పాదముల వరకు రాతిపొడి కప్పుకొని కూర్చున్న పనివారు. పూర్వమచ్చట ఉలిచప్పుడు మాత్రమే వినబడెడిది. ఇప్పుడు రాయి కోయు యంత్రముల రొద దానిని మించిపోయినది. ఇచ్చటి విగ్రహములు సముద్రములు దాటి పరదేశములందలి మన దేవాలయములకు గూడ పోవుచున్నవని ఊరివారు గర్వముతో చెప్పుదురు. ఆ పొడి సంగతి మాత్రము ఎవ్వరును చెప్పరు.

ఆ పొడి సంగతి అడుగవలెనని పట్టుపట్టిన యొక యువతిని గూర్చి యీ నెల వ్రాయదలచితిమి. ఆమె అట్టి పందిరిలోనే పెరిగినది. నాయన శిల్పి. ఆ యింటిలో కళాశాల గడప తొక్కినది ఆమెయే మొదట. వైద్యము చదివి, ఆపై సామాజిక వైద్యశాస్త్రములో పై పట్టము పొంది, ఒక వైద్యకళాశాలలో అసిస్టెంటు ప్రొఫెసరుగా చేరినది. ఆమె కోరినందున ఆమె పేరుగాని, కళాశాల పేరుగాని యిచ్చట వ్రాయుట లేదు.

ఆమె తాత దగ్గి దగ్గి చనిపోయెను. ఉబ్బసమని కొందరు, క్షయయని కొందరు అనిరి. బిడ్డ వైద్యము చదివిన తరువాతగాని మూడవ మాట యొకటి యున్నదని తెలియలేదు. కొన్ని రాళ్లలో సిలికా యను పదార్థముండును. రాతిని కోయునప్పుడు, అరగదీయునప్పుడు కంటికి కనబడనంత సన్నని పొడియై అది ఊపిరితిత్తులలో చేరి, లోపల మచ్చలు కట్టి వానిని గట్టిపరచును. సిలికోసిస్ అని దాని పేరు. గట్టిపడిన భాగమును మరల మెత్తపరచు మందు లేదు. అట్టివారికి క్షయ సోకుటకును అవకాశ మెక్కువ. మధ్యప్రదేశములోని మందసోరులో పలక బలపములు చేయువారిని, గుజరాతులోని ఖంభాతులో అకీకు రాళ్లు సానబట్టువారిని అహమదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్యసంస్థవారు పరీక్షించి యీ వ్యాధిని గూర్చి వ్రాసియున్నారు. కాని మన ఆళ్లగడ్డ శిల్పులు చెక్కు రాతిలో సిలికా యెంత? యంత్రములు వచ్చిన తరువాత పనివారి ఊపిరి యెట్లున్నది? ఆ పందిరి క్రింద పెరిగిన బిడ్డకు వచ్చు ప్రశ్న లివి. ఇతరులకు రాకూడదని కాదు, వచ్చుట కష్టము.

ప్రశ్న యుండుట వేరు, దానిని పరిశోధనగా నడుపుట వేరు. ఈ భేద మామెకు ఉద్యోగములో చేరిన మొదటి యేడాదిలోనే తెలిసినది.

శిల్పుల యిండ్లలో పని నేర్చుకొను విధమును ఆమె నాయన మాకు చెప్పెను. కుర్రవాడు పెద్దశిల్పి ప్రక్కనే కూర్చుండును. మొదట రాయి చదును చేయుట, ఆపై పీఠము, ఆపై వస్త్రపు మడతలు. ఉలి యేటవాలుగా పట్టినచో పెద్దవాని చేయి వచ్చి దానిని సరిచేయును. ముఖము మాత్రము చాలకాలము వరకు వాని కీయరు. "చెబితే వచ్చే పని కాదమ్మా, పక్కన కూచుంటే వచ్చేది" అని ఆయన యన్నాడు. పరిశోధనయు సరిగా నట్టిదే. రోగిని పరీక్షించుట కళాశాలలో నేర్పుదురు. ఎందరిని పరీక్షించినచో సమాధానము నమ్మదగిన దగును, రాతిపని చేయనివారిని ఎందరిని సరిపోల్చవలెను, నీతిసంఘమువారి యనుమతి కెట్లు వ్రాయవలెను, ధనసహాయ మెవరి నడుగవలెను, వచ్చిన ఫలితమును పత్రిక కెట్లు వ్రాయవలెను – ఇవి ఏ పాఠములోను పూర్తిగా దొరకవు. పెద్ద నగరములలో వైద్యుల కుటుంబములలో పుట్టినవారికి ఇవి భోజనము వేళ మాటలలో తెలియును. మొదటి తరము చదువువారికి, పల్లెలనుండి వచ్చినవారికి, వెనుకబడిన కులములవారికి, గిరిజనులకు, వీరందరిలోను స్త్రీలకు, ఆ మాట లెక్కడ వినబడును?

ప్రక్కన కూర్చుండువారు లేకున్నను పని ఆగదు. జాతీయ వైద్యసంఘము 2022లో ప్రకటించిన నియమములలో వైద్యోపాధ్యాయుల పదోన్నతికి పరిశోధనవ్యాసము లుండవలెనని యుండెను. కావున వ్రాయనేర్చినవారును, నేరనివారును వ్రాయవలసినదే. డబ్బు పుచ్చుకొని యేది పంపినను అచ్చువేయు పత్రికలు ఈ యవసరము మీదనే బ్రదుకుచున్నవి. వానిని గూర్చి మరియొక సంచిక నింపవచ్చును.

మన యువతి తన మొదటి వ్యాసమును గర్భిణుల రక్తహీనత మీద వ్రాసినది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనత కలవారు. అనగా ఈ పత్రిక చదువు పదిమందిలో ఆరుగురు కావచ్చును. ఆమె ఆరు నెలలు ఊరూరు తిరిగి, ఇంటింట కూర్చుండి, లెక్కలు వ్రాసికొని వచ్చినది. వ్యాసము వెలువడినప్పుడు ఆమె పేరు చివర నున్నది. ఊళ్లు తిరుగనివారి పేర్లు ముందున్నవి. "అడగొచ్చని కూడా నాకు తెల్దు" అని ఆమె మాతో ననెను. ఆ మాట మాకు మిక్కిలి నొప్పి కలిగించినది. అన్యాయము జరుగుట యొకటి, అన్యాయమని గుర్తింపలేకపోవుట మరియొకటి గదా.

ఇట్టిది మనవారికి క్రొత్త గాదు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ చదువరులలో చాలమంది కెరుకయే. ఖద్దరు కట్టినందుకు మద్రాసు వైద్యకళాశాలలో ఒక ఆచార్యుని కోపమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు తక్కువ తరగతి పట్టముతో బయటపడెను. మామగారి సహాయముతోను, కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధి సహాయముతోను 1922లో బోస్టను చేరి, అచ్చట ఆసుపత్రిలో రాత్రివేళ పాకీపనివంటి పనులు చేయుచు చదివెను. హార్వర్డులో సైరస్ ఫిస్క్ అను నాయన క్రింద పనిచేసి, దేహద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో కనిపెట్టెను. నేటికిని ప్రయోగశాలలలో దానిని ఫిస్క్–సుబ్బారావు పద్ధతి యందురు. మన కండరములకు శక్తి నిచ్చు ఏటీపీ యను పదార్థమును వారు 1929లో వెల్లడించిరి. 1930లో డాక్టరు పట్టము వచ్చినది. ఇంత చేసినను 1940లో ఆ విశ్వవిద్యాలయమును విడుచు వరకు ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. పరదేశి, దిక్కులేనివాడు, తన పని తనదని చాటుకొను స్వభావము లేనివాడు. ఆనాడు అక్కడనే విద్యార్థిగా నుండిన జార్జి హిచింగ్స్ అను నాయన, సుబ్బారావుగారు వేరుచేసిన పదార్థములు కొన్ని ఫిస్క్ అసూయచేత వెలుగు చూడక, తరువాత ఇతరులు మరల కనిపెట్టవలసి వచ్చినవని చాల ఏండ్లకు చెప్పెను.

హార్వర్డును విడిచి లెడర్లీ కంపెనీలో చేరిన తరువాతనే సుబ్బారావుగారి చేతికి స్వేచ్ఛ వచ్చినది. ఆయన నడిపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసినది. ఈనాడు మన యిండ్లలో గర్భిణులు ఇనుముతో కలిపి మ్రింగు మాత్రలో నున్నదదియే. దాని జాడను అంతకు పదునైదేండ్ల ముందు బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరీక్షించుచు పట్టినది లూసీ విల్స్ అను ఆంగ్లస్త్రీ. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయస్సున మరణించిరి. ఇంటిని విడిచి పోయిన తరువాత భార్య శేషగిరమ్మగారిని ఆయన మరల చూడనే లేదు.

హిచింగ్స్ సంగతి యింకను కొంత యున్నది. మాకు దానియందే మక్కువ. ఆయన మందుల కంపెనీ ప్రయోగశాలకు పెద్దయైన తరువాత, 1944లో గెర్ట్రూడ్ ఎలియన్ అను యువతి పని కోరి వచ్చినది. స్త్రీయగుటచే అదివరకు ఆమెను చాలచోట్ల త్రిప్పి పంపిరి. నీవుంటే మగవారి మనస్సు పనిమీద నిలువదని యొకచోట చెప్పిరట. ఆమెకు డాక్టరు పట్టము లేదు. హిచింగ్స్ ఆమెను చేర్చుకొనెను. చేర్చుకొని ఒక మూలలో కొలతలు కొలువుమని విడువలేదు. క్రొత్త పనులను ఆమె చేతనే మొదలుపెట్టించెను, వ్యాసములు ఆమె చేతనే వ్రాయించెను, తాను పై పదవికి పోయినప్పుడెల్ల ఆమెను గూడ పైకి దెచ్చెను. పిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరుకు వారు కనిపెట్టిన మందు వేలకొలది ప్రాణములను కాపాడినది. 1988లో నోబెల్ బహుమానము ఇద్దరికిని కలిపి, మరియొక శాస్త్రవేత్తతో పాటు వచ్చినది. హార్వర్డులో తాను చూచినది ఆయన మనస్సులో మెదలెనో లేదో మే మెట్లు చెప్పగలము? జరిగినది మాత్ర మిది.

మన దేశమునను ఇట్టి ద్వారములు తట్టి తెరిపించినవారు గలరు. బొంబాయి పట్టభద్రురాలగు కమలా భాగవత్ 1933లో బెంగుళూరు విజ్ఞానసంస్థలో చేరగోరగా, స్త్రీలను చేర్చుకొనుట లేదని సర్ సి. వి. రామన్ గారు త్రోసిపుచ్చిరి. ఆమె కదలక కూర్చున్నది. తుదకు ఒక యేడాది పరీక్షగా చూతుమని, మగవారి పనికి భంగము రాకూడదని నిబంధనలు పెట్టి చేర్చుకొనిరి. అంతటి అవమానము నడుమ ఆమెకు దొరకిన గురువు శ్రీనివాసయ్యగారు. కఠినుడు, కాని పని నేర్పినవాడు. పాలలోను పప్పులలోను నుండు మాంసకృత్తులను గూర్చి ఆమె అచ్చట పనిచేసినది. ఏడాది తిరుగునప్పటికి రామన్ గారు తృప్తిచెంది ఆమెను పూర్తిగా అంగీకరించిరి. ఆమె వెనుక ఇతర స్త్రీలకు గూడ దారి యేర్పడినది. 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము పొంది వచ్చి, కొంతకాలము కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో సహాయ డైరెక్టరుగా నుండెను. 1947లో వివాహమై, కమలా సొహోనీగా బొంబాయి చేరెను. ఆ కూనూరు పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహారసంస్థ యనబడుచున్నది. ఆ సంస్థకు తరువాత వినోదినీ రెడ్డి, కమలా కృష్ణస్వామి, హేమలత గార్లు డైరెక్టరులైరి. ఇట్టివి ఒక్క దినమున జరుగునవి కావు.

ఇది స్త్రీల కొక్కరికే చెందిన చిక్కు గాదు. అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలవారు పరిశోధనలకు ధనమిచ్చు తీరును కొందరు పండితులు లెక్కించి 2011లో ప్రకటించిరి. చదువు, అనుభవము మున్నగునవి సరిపోల్చి చూచినను, నల్లజాతి శాస్త్రవేత్తలకు ధనసహాయము దొరకు అవకాశము తెల్లవారికంటె నూటికి పది వంతులు తక్కువగా నున్నదట. ఆ సంస్థ సిగ్గుపడి, 2014లో దేశమంతట యువశాస్త్రవేత్తలకు పెద్దలను జతపరచు ఏర్పాటొకటి మొదలుపెట్టినది. మన వైపు చూతము. ఆళ్లగడ్డ ప్రక్కనే నల్లమల. చెంచులు అహోబిల నృసింహుని తమ యల్లుడని చెప్పుకొందురు. సంక్రాంతి తరువాత పారువేటలో స్వామి ఊరూరు తిరుగును. దేవునికి పిల్లనిచ్చినవారని పాటలు పాడుదుము గాని, ఆ గూడెములలోని పసిబిడ్డల బరువు, తల్లుల రక్తము కొలుచుటకు పోవువారు బయటివారే. చెంచుబిడ్డ యొకతె వైద్యకళాశాలలో ఉపాధ్యాయురాలై ఆ లెక్క తానే తీయు దిన మెప్పుడు వచ్చునో!

ఇక మన శిల్పి కుమార్తెకు పెద్దదిక్కు దొరకిన విధము. ఒక సభలో ఆమె వెనుక వరుసలో కూర్చుండగా, ఉద్యోగవిరమణ చేసిన ఆచార్యురాలొకరు వచ్చి ప్రక్కన కూర్చుండి, "నువ్వేం చేస్తున్నావమ్మా?" అని యడిగిరి. రాతిపొడి మాట వినగానే ఆమె సంచిలోనుండి కాగితము దీసి, "ఒక్క వాక్యంలో రాయి" అనిరి. ఇది మూడేండ్ల క్రిందటి మాట. నాటినుండి పక్షమున కొకమారు, ఎదురుగా గాకున్న టెలిఫోనులో, వారు మాటాడుకొనుచున్నారు.

"మేడమ్, నాకు ఇంగ్లీషులో రాసేది రాదు" అని మొదట ఏడ్చెనట.

"వచ్చి పుట్టినోళ్లెవరు తల్లీ? ఈ పొద్దు ఒక పేజీ రాయి. బాగాలేకుంటే రేపు చింపుదాం."

చాలమారులు చింపిరి. చింపునప్పుడెల్ల ఎందుకు చింపుచున్నదియు ఆమె చెప్పుచుండెను. రెండవ కలయికలోనే, పని యింకను మొదలు కాకముందే, ఎవరి పేరు మొదట, ఎవరిది చివర, ఎవరే పని చేయవలెనో కాగితముపై వ్రాసి సంతకములు చేయించినది. ఆచార్యురాలి పేరు చివర. ఇది ఆ విద్యలో మర్యాద. కాని అది ముందే వ్రాసికొనుట మన యువతికి క్రొత్త. గణాంకశాస్త్రము తెలిసినవారి నొకరిని పరిచయము చేసి, ఎందరు పనివారు కావలయునో లెక్క కట్టించినది. బీడీ త్రాగు అలవాటు పనివారిలో నున్నదిగదా, దగ్గు పొగవలన వచ్చెనో పొడివలన వచ్చెనో ఎట్లు తెలియును? అందుచే అదే వయస్సున, అవే అలవాట్లు గలిగి, రాతిపని చేయని రైతులను గూడ పరీక్షింపవలెనని నేర్పినది.

అన్నిటికంటె చిక్కైన సంగతి మరొకటి వచ్చినది. పనివారే భయపడిరి. ఊపిరితిత్తులు చెడినవని కాగితము వచ్చినచో యజమాని పని మానిపించును, పిల్ల నిచ్చువారు వెనుకాడుదురు. ఆమె నాయన గూడ, "ఊరి పేరు చెడుతుంది బిడ్డా" అన్నాడు. ఆచార్యురాలు దీనికి కోపపడలేదు. వారి భయము నిజమైనదే యని చెప్పి, ఎవరి ఫలితము వారికి మాత్రమే చెప్పుట, పేర్లకు బదులు అంకెలు వ్రాయుట, క్షయ యున్నట్లు తేలినవారిని ప్రభుత్వవైద్యశాలలో ఉచితముగా మందు దొరకునట్లు చేర్పించుట, యంత్రముపై నీరు చిలికి పొడి యడచు పద్ధతి పందిళ్లలో నేర్పుట, ఇవన్నియు అనుమతిపత్రములో చేర్పించినది. శిల్పులలో పెద్దలను నలుగురిని పిలిచి, అడుగు ప్రశ్నల పట్టికను ముందుగా వారిచేత చదివించినది. రెండు ప్రశ్నలను వారు కొట్టివేయించిరి.

ఇంటి సంగతి గూడ చెప్పవలెను. మన చదువరులలో అత్తలును కలరు. పగలు పాఠములు, ఆసుపత్రి, సాయంకాలము మూడేండ్ల బిడ్డ. వ్రాయుటకు వేళ యెక్కడిది? పెద్దామె ఒకనాడు ఇంటికి వచ్చి భోజనము చేసి, అత్తగారి ప్రక్కన చాపమీద కూర్చున్నది.

"వారానికి రెండు సాయంత్రాలు పిల్లోన్ని నువ్వు చూసుకోక్కా. ఆ పొద్దు దీన్ని ఎవరూ పలకరించొద్దు."

"ఈ రాసేదానికి జీతమిస్తారా?"

"ఇయ్యరు."

"మరెందుకు?"

"మీ వియ్యంకుని నాయన ఎందుకు దగ్గి చచ్చిపోయినాడో ఎవరూ రాసిపెట్టలేదక్కా. అందుకు."

అత్తగారు చాలసేపు మాటాడలేదట. మంగళ, శుక్రవారముల సాయంకాలములు నాటినుండి కోడలివి. అప్పుడప్పుడు చుట్టము లెవరైన వచ్చినచో అత్తగారే గుమ్మములో కూర్చుండి, "లోపల పనుంది" అని చెప్పి పంపుదురట. ఈ గుమ్మపు కాపలా ఏ ధనసహాయములోను లెక్కకు రాదు.

నంద్యాలలో ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో మొదలైనది. అంతకుముందే శాంతిరామ్ వైద్యకళాశాల యున్నది. కర్నూలు కళాశాల పాతది. ఈ కళాశాలలకు మన పల్లెలనుండి బిడ్డలు పోవుచున్నారు. వారి తల్లులు తెలిసికొనదగిన సంగతులు కొన్ని: వైద్యవిద్యార్థులు రెండు నెలలు పరిశోధన చేసి చూచుకొనుటకు భారత వైద్య పరిశోధన మండలి 1979 నుండి చిన్న వేతనము లిచ్చుచు వచ్చినది. శాస్త్రజ్ఞులైన స్త్రీలు స్వతంత్రముగా పని మొదలుపెట్టుటకు కేంద్రప్రభుత్వ జీవసాంకేతికశాఖ 2011లో బయోకేర్ అను ఏర్పాటు ఆరంభించెను. వైద్యులకును శాస్త్రజ్ఞులకును ఫెలోషిప్పు లిచ్చు ఇండియా అలయన్స్ అను సంస్థ 2008లో హైదరాబాదు కేంద్రముగా వెలసినది. వయస్సు, గడువు ఏటేట మారుచుండును గనుక తాజా ప్రకటనలు చూచుకొనవలెను. కాని ఈ దరఖాస్తు లన్నిటిలోను, మీకు మార్గము చూపు పెద్ద యెవరని అడుగు గడి యొకటి సాధారణముగా నుండును. ఆ గడిని నింపలేకనే ఎందరు కాగితము మడిచి పెట్టెలో పెట్టిరో!

మేము క్రిందటి నెల పోయినప్పుడు అనుమతి వచ్చియున్నది. ఆదివారము పని కట్టిన తరువాత పందిరిలో బల్ల వేసి, ఊపిరి కొలుచు చిన్న యంత్రమును పెట్టిరి. గొట్టమును పెదవులతో గట్టిగా పట్టి, నిండ గాలి పీల్చి, ఒక్క పెట్టున ఊదవలెను. అట్లు మూడుమారులు సరిగా వచ్చినగాని లెక్కకు రాదు. కుర్రవాండ్రు నవ్వుచు దూరముగా నిలిచిరి. మొదట ఆమె నాయన చేతులు కడుగుకొని వచ్చి కూర్చుండెను. మూడవమారు దగ్గు వచ్చి ఆగిపోయెను. "ఇంకొకసారి, నాయనా" అని ఆమె క్రొత్త గొట్టము తీసి యిచ్చినది. ఆయన తుడుచుకొని మరల గాలి పీల్చెను.

ఆ రోజు పదునొకండుగురు ఊదిరి. ఇంకను చాలమంది కలరు. లెక్క తేలుటకు ఏడాది పట్టునట. రాతిపని యిండ్లలో స్త్రీలు బట్టలు దులుపునప్పుడు, పందిరి ఊడ్చునప్పుడు ఏయే జాగ్రత్తలు తీసికొనవలెనో మా పత్రికకు వ్రాసి పంపుదునని ఆమె మాట యిచ్చినది. రాగానే ప్రకటింతుము, ఆమె పేరు ముందుగనే వేసి.